మూడో కాపీ

బేతంచెర్లలో రాత్రి తెల్లగా ఉంటుంది.
పాలిష్ మిషన్ల కింద నుంచి పారిన నీళ్లు
రోడ్డు పక్కన ఎండి ఉంటాయి.
లారీ లైటు పడితే వెన్నెల అనుకుంటాం.
కాదు, రాతి పిండి.
ఈ రెండు ముక్కలు రాయడానికి నాకు
పదకొండు లారీలు పట్టింది.

బండి కాటా మీదికెక్కితే
కిటికీ అద్దం జల్లుమంటుంది.
లోడు బరువు. ఖాళీ బరువు. అసలు బరువు.
తీసివేత వచ్చు గనక ఉద్యోగం ఇచ్చినారు.
ప్రింటరు చచ్చి ఏడాదైంది.
ఓనరు మద్దిలేటి కొత్తది కొంటానంటూనే ఉన్నాడు,
కొనకూడదని నేను మొక్కుకుంటూనే ఉన్నాను.
చేత్తో రాసే చీటీల నడుమ కార్బన్ వాసన ఉంటుంది.
అది పీలిస్తే చాలు,
ఏదో ఒక మాట లేచి కూర్చుంటుంది
నిద్రపట్టని పసిపిల్ల మాదిరి.

కొన్ని రాత్రులు ఏదీ లేవదు.
అప్పుడు ఊరికే ఊర్ల పేర్లు రాస్తాను
బండ్లు ఏ దారిన పోతే ఆ దారిలో:
ప్యాపిలి, గుత్తి, పామిడి, ఉరవకొండ.
నోట్లో వేసుకుంటే వేంచిన బుడ్డలు.

ఒక వారమంతా
గాలికి టార్పాలిన్ కొట్టుకునే చప్పుడు కోసం వెతికినాను.
టపటప అన్నాను, అది పావురాలది.
పటపట అన్నాను, అది పళ్లది.
మూడున్నరకు, ఆవలింత సగంలో, దొరికింది:
లబలబ.
టార్పాలిన్ లబలబలాడుతోంది,
కప్పింది తన సొత్తే అయినట్టు!
నాకు నేనే ఒక టీ చెప్పుకున్నాను.

గనిలో బండలు చీల్చే కాశింపీరా మామను అడిగినాను,
యాడ కొట్టాల్నో రాయే చెప్తాదంట గదా అని.
"ఎవురు చెప్పినారు మేయ్? రాయి ఏమీ చెప్పదు.
నాలుగు బండలు పోతే
అయిదోదానికి చెయ్యికి బుద్ధొస్తాది."
నవ్వితే ఆయన కనుబొమ్మల మీది పిండి రాలింది.
ఆ రాత్రి నాలుగు వాక్యాలు విరగ్గొట్టినాను,
ఏ బాధా లేకుండా.

ఒకసారి చిత్తుకాయితం
చీటీల పుస్తకం మీదే పెట్టి రాసినాను,
కింద కార్బన్ ఉందని మరిచి.
'వానకు ముందే బండల గుట్ట
తడిసిన వాసనొస్తాది.'
అంతే. ఓబుళేసు హారన్ కొట్టినాడు, చించి ఇచ్చేసినాను.
తెల్ల చీటీ మీద నొక్కు తప్ప ఏమీ లేదు.
డ్రైవరుకిచ్చే గులాబీ చీటీ మీద
పదహారు టన్నుల పక్కన నా రాత, నీలంగా.

నాలుగు దినాలకు హిందూపురం నుంచి వచ్చి
కిటికీలో తల పెట్టినాడు.
"మేయ్ సుంకులమ్మా, ఈ సరుకు ఎవురిది?
ఆడి గుమాస్తా రెండుమాట్లు చదివి
దీన్ని యాడ దించాల అనె."
నా చెవులు కాలినాయి.
పొరపాటైందన్నా, ఓనరుకు చెప్పొద్దన్నాను.
"అది సరే. గుత్తి దాటినాక మబ్బేసింది.
బండి ఆపి లోడు మీదికెక్కి వాసన చూసినా.
నిజమే మే.
మిగతాది ఏదీ?"

మిగతాది లేదు.
ఉందని చెప్పినాను.

తెల్లారుజామున, బండ్లు రాని గంటలో
నోటుపుస్తకం పట్టుకుని కాటా మీద నిలబడినాను.
యాభై చూపించింది.
లోపలికి పోయి, రాసి, మళ్లీ వచ్చి నిలబడినాను.
యాభయ్యే.
పది కిలోలకు తక్కువైతే ఈ మిషన్ లెక్కపెట్టదు,
నాకు తెలియనిదా?
అయినా ఒకసారి ఎగిరి చూసినాను.
అంకెలకు పిచ్చెత్తింది,
తొంభై, సున్నా, నలభై, మళ్లీ యాభై.
టీకొట్టు చాంద్‌బాషా స్టవ్వు ముట్టిస్తూ చూస్తున్నాడు.
చూడనీ.

ఇప్పటికి ఒకటిన్నర లైను అయింది.
ఓబుళేసు రేపు రాత్రికి వస్తాడు.
పెన్ను గట్టిగా నొక్కి రాస్తున్నాను,
మూడో కాపీ దాకా దిగాల.